రెండు మూతులు కలపని రోజు

నాకు చేతిపని వచ్చని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పేరు. "ఆ ఇంజనీరు దగ్గర మన ఆటలు సాగవు, అవసరమైతే తానే తాపీ పట్టి గోడ కట్టి చూపిస్తాడు" అని మేస్త్రీలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. రిటైరైన రోజు శాలువా కప్పి అదే మాట మైకులో చెప్పారు. నేను తల వంచుకుని కూర్చుంటే వినయం అనుకున్నారు. వినయం కాదు, సిగ్గు. ఆ పేరు నాకెలా వచ్చిందో చెబుదామని ఎన్నోసార్లు అనుకుని, అన్నిసార్లూ నోరు మూసుకున్నాను. ఇక్కడ మాత్రం చెప్పేస్తాను.

మాది ముదిగొండ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా ఇంట్లో నెలజీతం అనే మాట నాతోనే మొదలైంది. డిప్లొమా చేసి, ఎనభైల మొదట్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా చేరాను. భద్రాచలం దాటి పర్ణశాల పోయే దారిలో, అడవి అంచున ఒక ఊళ్లో, కోయ ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి హాస్టల్ కడుతున్నారు. నన్ను అక్కడికి పంపారు. నక్షా చదవడం వచ్చు, కొలతలు వేయడం వచ్చు. తాపీ ఏ చేత్తో పట్టుకుంటారో కూడా తెలియదు. తెలియదని ఒప్పుకునే వయసు కాదు.

మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో టేపు పట్టుకుని వెళ్లాను. ఒకామె నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ఇటుకలు నానబెడుతోంది. గోడ మీద మేస్త్రీ ఇటుక కోసం చెయ్యి చాపి ఆగాడు. నాకు పెద్దరికం చూపించే అవకాశం దొరికినట్టనిపించింది.

"టైమ్ వేస్ట్ చేయకు, అట్లనే అందియ్యి" అన్నాను ఆమెతో.

పనివాళ్లందరూ చేతులాపి నన్ను చూశారు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. మేస్త్రీ మెల్లగా గోడ దిగి వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఒక ఎండు ఇటుక తీసి తొట్టిలో ముంచాడు. అది బుసబుసా బుడగలు వదిలింది.

"తాగుతుంది చూడు సారూ. ఈడ తాగనియ్యకపోతే పొయి మాల్‌ల ఉన్న నీళ్లు తాగుతది. గప్పుడు సిమెంటు బూడిదే."

మాల్ అంటే కలిపిన సిమెంటూ ఇసుకా. అది నాకు తెలుసు, కానీ ఇటుకకు దాహం వేస్తుందని నా పుస్తకాల్లో ఉన్నా నా తలకెక్కలేదు. ఆ మాట అతను నాకొక్కడికే వినబడేలా చెప్పాడు. తర్వాత గొంతు పెంచి, "సార్ చెప్పింది ఇన్నరా, జల్దీ కానియ్యిండ్రి" అని అందరినీ కసిరాడు. ముక్కూ మొహం తెలియని కుర్ర సూపర్‌వైజరు పరువు అలా కాపాడాడు.

ఆ సాయంత్రమే అతని దగ్గరికి వెళ్లి పని నేర్పమని అడిగాను. అతను నా చేతులు తిప్పి చూసి, "ఈ చేతులకా?" అన్నాడు. పక్కన కట్టెల పొయ్యి మీద అన్నం వండుతున్న ఆమె నవ్వింది. పొద్దున నేను కసిరిన మనిషే, మేస్త్రీ భార్య. జూలూరుపాడు నుంచి ఇద్దరూ కలిసి పనికొచ్చి, సైట్ మీదే తాటాకుల గుడిసె వేసుకున్నారు. అతను గోడ కడితే ఆమె మాల్ మోసేది. ఇద్దరికీ మాటలు తక్కువ. అతను చెయ్యి చాపకముందే అక్కడ ఇటుక ఉండేది.

మిగతా కూలీలు రాకముందు రోజూ ఒక గంట నేర్పుతానన్నాడు. మొదటి నెలంతా మాల్ కలపడమే. ఇసుక గుప్పిట్లో నలిపి, అరచేతికి మట్టి అంటితే పక్కన పెట్టించేవాడు. తర్వాత తాపీ. తర్వాత దారం కట్టి వరుస నడపడం, గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూడడం. నేను కట్టిన మొదటి వరుస చూసి, "పాము పోయినట్టుంది సారూ" అని కాలితో తోసేశాడు. నాకు కోపమొచ్చింది. కానీ మళ్లీ కట్టాను. సిమెంటు నా వేళ్ల సందులు తినేసి, పుండ్లు పడి, అన్నం కలుపుకోవడానికి కూడా రాలేదు. మేస్త్రీ భార్య అది చూసి చిన్న సీసాలో ఆముదం తెచ్చిచ్చింది.

"పండుకునేటప్పుడు రాయి సారూ. మూడు దినాలల్ల చర్మం గట్టివడతది. మాకూ గిట్లనే అయింది."

అక్కా అని పిలవడం అప్పటినుంచే మొదలుపెట్టాను.

అన్నిటికన్నా కష్టమైంది లెవెల్ పైపు అనుకున్నాను గానీ, నేర్చుకుంటే అంతకన్నా సులువైంది లేదు. ముప్పై అడుగుల ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక మూతి ఈ గోడ దగ్గర ఒకరు, రెండో మూతి ఆ గోడ దగ్గర ఇంకొకరు పట్టుకుంటారు. రెండు చోట్లా నీళ్లు నిలిచిన దగ్గర గీత పెడితే ఆ రెండు గీతలూ ఒకే మట్టంలో ఉంటాయి. చిన్న పొరపాటుకు మాత్రం చోటుంది.

"నీళ్లు అబద్ధం చెప్పయి సారూ. నడుమ గాలి జొర్రితే మాత్రం చెప్పిస్తది" అన్నాడు మేస్త్రీ. "గందుకే ముందుగాల రెండు మూతులు కలిపి చూడాలె. పక్కపక్కన పెడితే రెండిట్ల నీళ్లు సమానంగ నిలవాలె. గట్ల నిలిస్తేనే గోడ దగ్గరికి పోవాలె."

అతను ప్రతిసారీ కలిపి చూసేవాడు. బీడీ కాల్చుకోవడానికి పైపు కింద పెట్టి, మళ్లీ తీసినా కలిపేవాడు. ఒకసారి విసుగొచ్చి, ఇప్పుడే కదా చూశాం అన్నాను. "అన్నం పొద్దున తిన్నం కద అని మాపటీలి మానుతమా?" అన్నాడు.

గోడలు పైకప్పు దాకా లేచాక స్లాబ్‌కు లెవెల్ పెట్టే రోజు వచ్చింది. స్లాబ్ చూడడానికి చదునుగా ఉన్నా ఒకవైపుకు కొంచెం వాలు ఉండాలి, లేకపోతే వాననీళ్లు బయటికి పోవు. మా హాస్టల్‌కు వాలు పడమరకు. అంటే తూర్పు గోడ రెండు వేళ్ల మందం ఎత్తుండాలి. సరిగ్గా అప్పుడే మేస్త్రీకి అన్న పోయాడని కబురొచ్చింది. "నేనొచ్చినంక పెడదం సారూ, మూడు దినాలల్ల వస్త" అని బయల్దేరాడు. భార్య వెళ్లలేదు. ఇద్దరూ పోతే పని ఆగిపోతుందని కాంట్రాక్టరు ఒప్పుకోలేదు.

మేస్త్రీ వచ్చేసరికి గీతలు పెట్టి ఉంచి, చూడు నీ శిష్యుడి పనితనం అనిపించుకోవాలని నాకు కోరిక పుట్టింది. ఆ కోరిక తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. రెండో రోజు పొద్దున పైపులో నీళ్లు నింపి, ఒక మూతి మేస్త్రీ భార్యకిచ్చి తూర్పు మూలకు పొమ్మన్నాను. కూలీలు చుట్టూ చేరి చూస్తున్నారు. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"సారూ, రెండు మూతులు కలపలే."

మెల్లగానే అంది. ఆమె మొగుడు మొదటి రోజు నాకు చెప్పినంత మెల్లగా. కానీ కూలీల్లో ఒకడు విని పళ్లికిలించాడు. నాకు మొహం వేడెక్కింది. మాల్ మోసే ఆడమనిషి నాకు లెవెల్ నేర్పడమా అనిపించింది. ఆమె ఇచ్చిన ఆముదం అప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

"నాకు తెల్వదా? నీ పని నువ్ చేయి. పో" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె తూర్పు మూలకు నడిచింది. పోయి మూతి పట్టుకుంది. నేను గీతలు పెట్టాను. నాలుగు మూలలా నీలిరంగు పొడితో, చాలా అందంగా పెట్టాను.

మేస్త్రీ గుండు చేయించుకుని తిరిగొచ్చాడు. గీతలు చూసి నా భుజం తట్టాడు. పై వరుస ఆ గీతల ప్రకారమే కట్టాడు. కట్టడం అయ్యాక కిందికి దిగి, దూరంగా పోయి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తూర్పు మూల తగ్గినట్టు కొడుతుంది సారూ."

"పైపుతోని పెట్టిన కద మేస్త్రీ."

"కలిపే పెట్టినవు కద?"

"అవ్, కలిపిన."

ఆ ఒక్క మాట. ఇటుకలు ఎత్తుకున్న మేస్త్రీ భార్య అప్పుడు మా పక్కనుంచే పోతోంది. ఆమె ఆగలేదు. మేస్త్రీ కళ్లు నలుపుకున్నాడు. "అయితే నా కన్నే మసకేసినట్టుంది, వయసైపాయె" అని నవ్వాడు.

అందరూ భోజనాలకు పోయాక, నేను పైపు తీసి రెండు మూతులు కలిపాను. ఒకదాంట్లో నీళ్లు మూడు వేళ్లు కిందున్నాయి. పైపు మధ్యలో, మడత దగ్గర, జానెడు గాలి కూర్చుని ఉంది. నేను నింపిన నీళ్లే, ఇంకా పారబోయలేదు. రెండు వేళ్లు ఎత్తుండాల్సిన తూర్పు మూల ఒక వేలు తగ్గింది. మేస్త్రీ కంటికి ఆ తేడా దూరం నుంచే దొరికింది.

అప్పుడు చెబితే పూట పని. ఆ వైపు వరుస విప్పి, ఎత్తు పెంచి కట్టుకుంటే సరిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని చిన్నప్పటినుంచి విన్నవాడినే. కానీ స్లాబ్ కింద ఆనించే సెంట్రింగ్ చెక్కలు వచ్చి దిగి ఉన్నాయి, ఎల్లుండి నుంచే స్లాబ్ పని. అన్నిటికన్నా ముఖ్యంగా, పళ్లికిలించినవాడు ఆ కూలీల్లోనే ఉన్నాడు. ఆమె చెప్పింది, నేను వినలేదు, ఆమెదే నిజమైంది అని ఊరంతా అనుకుంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు పైన సర్దేద్దాంలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పైపులో నీళ్లు పారబోశాను.

స్లాబ్ పోసిన నాడు యాటను కోసి పనివాళ్లందరికీ దావత్ ఇవ్వడం ఆనవాయితీ. విస్తళ్లు పరిచాక మేస్త్రీ మొదటి ముక్క నా విస్తట్లో వేయించి, అందరికీ వినబడేలా, "ఈ స్లాబ్‌కు లెవెల్ పెట్టింది మా సారే. ఇంజనీర్లల్ల ఇట్ల పని నేర్చినోన్ని నేను చూడలే" అన్నాడు. సర్దేద్దామనుకున్నది సర్దనేలేదు. కాంక్రీటు వేడి మీద, యాభై మంది చేతుల మీదుగా గమేళాలు పరుగులు తీస్తుంటే ఎవరు ఏ మూలకు ఎంత పోశారో ఎవరికి తెలుసు? నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని మాంసం తిన్నాను.

వానలు పడ్డాయి. అప్పటికి పిల్లలు హాస్టల్లో చేరిపోయారు. మేం పక్కనే వంటగది కడుతున్నాం. మూడు రోజులు ముసురు పట్టాక, పొద్దున్నే వార్డెనమ్మ నన్ను పిలిచి తూర్పు గది చూపించింది. నేలంతా సత్తు పళ్లేలు. పిల్లలు తాము అన్నం తినే పళ్లేలను కారే చోటల్లా పెట్టారు. పరుపులు చుట్టి ఒక గోడకు ఆనించి, వాటి మీద వరసగా కూర్చుని, కోయభాషలో ఏదో చెప్పుకుంటూ నన్ను చూశారు. పైకి ఎక్కి చూస్తే తూర్పు మూల మడమలు మునిగేంత నీళ్లు నిలిచి ఉన్నాయి.

వారం లోపే హాస్టల్ కట్టిస్తున్న శాఖ పెద్ద ఇంజనీరు జీపులో వచ్చాడు. స్లాబ్ ఎక్కి చూసి, దిగి, మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టి నావైపు తిరిగాడు.

"లెవెల్ ఎవరు పెట్టారు? నువ్వేనా?"

నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని అనుకోవడం నాకిష్టం. కానీ ఏం చెప్పేవాడినో నాకు నిజంగా తెలియదు. ఎందుకంటే మేస్త్రీ ముందుకొచ్చేశాడు.

"సార్ పెట్టిన గీతలు కరెక్టే. గోడ కట్టింది నేను. గీత నా కంటికి ఆనలే, కిందికి కట్టిన. కట్టినంక ఆ మూల తగ్గినట్టు కొట్టింది కని, నా కన్నే తప్పనుకున్న. తప్పు నాదే సారూ. మా సార్‌కు పని మంచిగ వచ్చు, ఆయన్ని ఏం అనొద్దు."

అతను అబద్ధం చెప్పలేదు. నన్ను కాపాడడానికి కల్పించలేదు. అతను నిజంగా అలాగే నమ్మాడు. నేను కలిపానని చెప్పాను కాబట్టి పైపు తప్పు కాదు. పైపు తప్పు కాకపోతే తప్పింది తన కన్ను.

"కళ్లు కనబడనివాడు తాపీ ఎందుకు పట్టాలి?" అన్నాడు పెద్ద ఇంజనీరు. మేస్త్రీ తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను తెరిచిన నోరు మూశాను. మేస్త్రీ భార్య వరస చివర నిలబడి ఉంది. ఆమె వైపు చూడలేదు.

కాంట్రాక్టరు అతన్ని ఆ రోజే పనిలోంచి తీసేశాడు. బస్సు ఎక్కించడానికి వెళ్లాను. "నువ్వు బాధపడకు సారూ. కన్ను పోయినంక మేస్త్రీ ఏంది, కూలి ఏంది" అని అతనే నన్ను ఓదార్చాడు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని, నాతో మాట్లాడకుండా బస్సెక్కింది.

పెద్ద ఇంజనీరుకు మాత్రం మేస్త్రీ మాట గుర్తుండిపోయింది. ఒక తాపీ మేస్త్రీ ఇంతగా మెచ్చుకున్న సూపర్‌వైజరని నాలుగు చోట్ల చెప్పాడు. అదే నా పేరు. తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చింది, ప్రమోషన్లు వచ్చాయి. ఎక్కడికి పోయినా పైపు తీస్తే రెండు మూతులు కలిపి చూసేవాడిని. నా కింద పనిచేసేవాళ్లతో కలిపించేవాడిని. అది చూసి, ఎంత జాగ్రత్త మనిషో అనేవాళ్లు.

పదేళ్లు దాటాక, తొంభైల్లో, జూలూరుపాడు దగ్గర బడి గదులు చూడడానికి పోయాను. అన్నేళ్లలో ఖమ్మం, కొత్తగూడెం రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. ఆ ఊరికి మాత్రం ఏదో ఒక సాకు చెప్పుకుని పోలేదు. ఈసారి అడిగి ఇల్లు పట్టుకున్నాను. మేస్త్రీ వాకిట్లో మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. లేచి ఎదురొచ్చాడు.

"సారూ! ఎంత పెద్దోనివైనవ్!"

ఆ బస్సెక్కిన రోజు నుంచి తాపీ ముట్టుకోలేదట. సీజన్లో మిర్చి తోటలకు కావలి పోతున్నాడట. కళ్లు చూపించుకోలేదా అని అడిగాను.

"కండ్ల క్యాంపు పెడితే పోయిన. మంచిగున్నయ్, అద్దాలు గూడ అక్కర్లే అన్నడు డాక్టరు. గాయనకేం తెలుసు సారూ? గాయన ఎన్నడన్న గోడ కట్టిండా?"

అని పడిపడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని, నేల చూస్తూ, మొత్తం చెప్పాను. మూతులు కలపలేదని. కలిపానని అబద్ధం చెప్పానని. తర్వాత ఒక్కడినే కలిపి చూసి, తప్పు తెలిసీ, నీళ్లు పారబోశానని. నీ కన్ను సరిగ్గా చూసింది మేస్త్రీ, తప్పింది నేను, అన్నాను.

అతను తాడు పేనడం ఆపాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. అతను నా చెయ్యి పట్టుకుని, అరచేయి తిప్పి, వేళ్ల మొదట్లో గట్టిపడ్డ చర్మం మీద బొటనవేలు రాశాడు.

"ఎంత మంచోనివి సారూ నువ్వు. ముసలోడు బాధ పడుతున్నడని నా తప్పు నీ మీద ఏసుకుంటున్నవ్. నా చేతికింద నేర్చినోడు మూతులు కలపకుంట గీత పెడతడా? నేను నమ్మను."

"నిజం మేస్త్రీ. ఒట్టు."

"ఒట్లు పెట్టకు, తప్పు" అని, గడప వైపు తిరిగి, "ఇన్నవా, సార్ ఏమంటున్నడో!" అని కేకేశాడు.

మేస్త్రీ భార్య ఎప్పుడొచ్చిందో, గడప దగ్గర నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వచ్చి చెంబు నా చేతికిచ్చింది.

"నేను చెప్పిన సారూ" అంది. "బస్సు దిగిన దినమే చెప్పిన, మూతులు కలపలేదని. నా ముందట సార్ మీద చాడీలు చెప్తవా అని కొట్టిండు. నలభై ఏండ్ల కాపురంల గదొక్కటే దెబ్బ."

మేస్త్రీ ఇబ్బందిగా నవ్వి, పాత ముచ్చట్లు ఎందుకే, సార్‌కు చాయ్ పెట్టు అన్నాడు. ఆమె లోపలికి పోయి చాయ్ పెట్టింది. నేను తాగాను.